మాధ్యమం మారింది, బల్ల మారలేదు

ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం మీద సాగుతున్న వాదోపవాదాలు చాలావరకు ఒకే ఊహ మీద నిలబడి ఉన్నాయి. బడికి వచ్చే ప్రతి బిడ్డకూ తెలుగే మాతృభాష అన్నది ఆ ఊహ. బాన్సువాడ చుట్టుపక్కల తండాల్లో అది నిజం కాదు. అక్కడి బిడ్డ తల్లిని ‘యాడి’ అని పిలుస్తుంది, రొట్టెను ‘బాటి’ అంటుంది. ఒకటో తరగతి వాచకంలో ‘అమ్మ’ అన్న మాట దగ్గరే ఆమెకు పరాయి భాష మొదలవుతుంది. ఈ ప్రాంతపు బడుల్లో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన నాకు మాధ్యమం చర్చ ఎప్పుడూ సగం చర్చగానే వినిపించింది.

ఈ నేల మీద బడి భాష మూడుసార్లు మారింది. నిజాం పాలనలో ఉర్దూ రాజభాష. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం దాకా చదువు ఆ దారినే సాగింది. 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్లు బాన్సువాడ పొలాలకు పారాయి. ఆ పొలాల్లో నాట్లు వేసిన మాల, మాదిగ కుటుంబాల వాడలకు అక్షరం అంత వేగంగా పారలేదు. హైదరాబాదు నగరంలో మాత్రం భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచే అంటరాని కులాల పిల్లల కోసం తెలుగులో చదువు చెప్పే బడులు తెరిచారు. రాజభాష ఉర్దూ అయిన రాజ్యంలో, పై కులాల ఔదార్యం కోసం ఎదురుచూడకుండా, తమ పిల్లలు ఏ భాషలో చదవాలో ఆ పిల్లల సొంత సమాజమే నిర్ణయించుకున్న ఘట్టం అది. మన విద్యాచరిత్రలో దానికి దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదు.

1948 తర్వాత తెలుగు వచ్చింది. వచ్చిన తెలుగు ఎవరిది? కోస్తా జిల్లాల చదువుకున్న కులాల తెలుగు. ‘గిట్ల’, ‘గట్ల’ అన్న పిల్లవాణ్ణి సరిదిద్దడమే భాషాబోధన అనుకున్న తరం మాది. తెలంగాణ లంబాడీలు 1976లో షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. వారికి హాస్టళ్లు వచ్చాయి, ఉపకార వేతనాలు వచ్చాయి. పాఠ్యపుస్తకంలోకి వారి మాట రాలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషలకు తెలుగు లిపిలో వాచకాలు తయారుచేసే పని మొదలైంది. వాటిలో బంజారా భాష కూడా ఉంది. మంచి ఆలోచన. నేను పనిచేసిన బడుల బీరువాల్లో మాత్రం ఆ పుస్తకం ఒక్కటీ కనిపించలేదు.

ఇక 2022-23 నుంచి ఇంగ్లీషు. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు. నేను ఇంగ్లీషు మాధ్యమానికి వ్యతిరేకిని కాను. తమ పిల్లలను కాన్వెంట్లకు పంపి, దళిత బహుజనుల పిల్లలకు మాతృభాషా మహిమ బోధించేవారి మీద నాకు గౌరవం లేదు. కానీ ఆ రెండు పుటల్లో తండా బిడ్డకు తెలిసిన పుట ఏది?

నాయకత్వం అన్న మాటకు ఇక్కడే అర్థం ఉంది. పాఠ్యప్రణాళిక హైదరాబాదులో తయారవుతుంది. దాని ఒక్క పాఠాన్ని కూడా మార్చే అధికారం ప్రధానోపాధ్యాయుడికి లేదు. అయినా వెనుక బల్ల మీద ఎవరు కూర్చుంటారు, చీపురు ఎవరి చేతికి వస్తుంది, ఉదయం ప్రార్థన వేళ ముందు నిలబడి మాట్లాడే అవకాశం ఎవరికి దక్కుతుంది అన్నవి ఆయన నిర్ణయాలే. పిల్లలు వీటిని వాచకం కంటే ముందు చదువుతారు. గోర్ బోలీలో కథ చెప్పమని ఒక తండా పిల్లను ముందుకు పిలిస్తే, తరగతిలో తెలియనివారు ఎవరన్నది ఆ పావుగంట తలకిందులవుతుంది.

మన జిల్లాలోనే తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులం ఉంది. అక్కడ చదివిన మలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో, ఎవరెస్టు ఎక్కింది. ఆమెతో పాటు శిఖరం చేరిన ఆనంద్ కుమార్ కూడా సంక్షేమ గురుకుల విద్యార్థే. పర్వతారోహణ ఏ సిలబస్‌లోనూ లేదు. అప్పటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఆ పిల్లలను దయకు పాత్రులుగా కాక సమర్థులుగా చూశారు గనుక అది చదువులో భాగమైంది. అయితే గురుకులం ప్రవేశపరీక్షతో పిల్లలను ఎంచుకుంటుంది. ఎంపిక కానివారు ఊరి బడిలోనే మిగిలిపోతారు. ఆ బడికి తరచు ఒకే ఉపాధ్యాయుడు, తరగతులు అయిదు.

తండా బడుల్లో మొదటి రెండేళ్లు ఇంటి భాష నుంచి తెలుగుకూ ఇంగ్లీషుకూ నడిపించే స్వేచ్ఛను ప్రధానోపాధ్యాయులకు రాతపూర్వకంగా ఇవ్వాలి. పాత బంజారా వాచకాలను మళ్లీ అచ్చువేయాలి. ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మూడో పని ఇంకా తేలిక. ఉపాధ్యాయుల బదిలీల్లో సర్వీసుకు పాయింట్లు ఉన్నాయి, భార్యాభర్తలు ఒకేచోట ఉండటానికి పాయింట్లు ఉన్నాయి. గోర్ బోలీ వచ్చిన ఉపాధ్యాయురాలు తండా బడి కోరుకుంటే, ఆ భాషను నమోదు చేయడానికి దరఖాస్తులో ఒక గడి చేర్చాలి.