వాహనము చెప్పు మాట, ఫోనులో తెలుగున

పంచాయతీ వాహనము మరమ్మతునకు పోయి, కొన్ని దినములకు పెద్ద బిల్లుతో తిరిగి వచ్చును. ఏ భాగము చెడినది, దాని నెందులకు మార్చిరి అని సభ్యులడిగినచో తృప్తికరమైన సమాధానము లభింపదు. తెలియని ఖర్చునకు తలయూపి తీర్మానము చేయవలసి వచ్చును. అయితే ఇటీవలి వాహనములు తమ బాధను తామే చెప్పగలవు. ఆ మాటను మనకు వినిపించు యాప్‌ను మన గ్రామములలో చదువుకొన్న యువతీ యువకులే తయారుచేయవచ్చును. అది ఎట్లు పనిచేయునో సభ్యులును తెలిసికొనుట మంచిది.

అమెరికాలో 1996వ సంవత్సరపు నమూనాల నుండి కార్లకు ఓబీడీ-2 అను స్వయంపరీక్షా పద్ధతి నిర్బంధము చేయబడినది. పొగ హద్దు మీరకుండ చూచుట దాని ప్రధానోద్దేశము. మన దేశమున 2020 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలైన బి.ఎస్.-6 ప్రమాణములలోను ఇట్టి యేర్పాటున్నది. కార్లలో సాధారణముగా స్టీరింగు దాపున, డాష్‌బోర్డు క్రింద 16 రంధ్రములు గల సాకెట్టు ఉండును. అందు అడాప్టరు అను చిన్న పరికరమును అమర్చినచో, అది బ్లూటూత్ లేక వైఫై ద్వారా ఫోనుతో సంభాషించును.

ఈ సంభాషణ ప్రశ్నోత్తర రూపమున జరుగును. యాప్ 0105 అని పంపినచో, "ఇంజనును చల్లబరచు నీటి వేడి యెంత?" అని యడిగినట్లు. 41 05 78 అని జవాబు వచ్చినదనుకొందము. మొదటి రెండును ఏ ప్రశ్నకు జవాబో తెలుపును. చివరి 78 విలువ. ఇది పదుల లెక్క కాదు, పదహారుల లెక్క. పూర్వము రూపాయికి 16 అణాలుండెడివి గదా! 7 రూపాయల 8 అణాలనగా 120 అణాలు. అందుండి 40 తీసివేసినచో 80 డిగ్రీల సెంటిగ్రేడు. ఈ లెక్కను చేసి, "నీటి వేడి 80 డిగ్రీలు" అని తెలుగున చూపుటయే యాప్ చేయు పని.

యాప్ నిర్మించువారు మూడు నియమములు పాటింపవలెను. మొదటిది: జవాబు ముక్కలు ముక్కలుగా రావచ్చును. అది ముగిసినదని తెలుపు గుర్తు వచ్చువరకు వేరొక ప్రశ్న పంపరాదు. రెండవది: ప్రతి బండియు ప్రతి ప్రశ్నకు జవాబీయదు. అట్టియెడ సున్న చూపరాదు. "సమాచారము లేదు" అనియే చూపవలెను. మూడవది మిక్కిలి ముఖ్యమైనది: 03 అను ఆజ్ఞ దోషముల సంకేతములను చదువును, 04 అను ఆజ్ఞ వానిని చెరిపివేయును. చెరిపినచో హెచ్చరిక దీపమారును గాని దోషము పోదు. దోషము కలిగిన సమయమున నమోదైన వివరములు మాత్రము పోవును. ఇది జ్వరము తగ్గకుండగనే వైద్యుని చీటీని చించివేయుట వంటిది. కావున గ్రామమునకు చదువుటకు మాత్రమే వీలగు యాప్ చాలును.

సంకేతమే తుది తీర్పని భావింపరాదు. పి0301 అనగా మొదటి సిలిండరులో ఇంధనము సరిగా మండుటలేదని యర్థము. లోపము స్పార్క్ ప్లగ్గులో నున్నదా, కాయిలులో నున్నదా, ఇంజెక్టరులో నున్నదా అని తేల్చవలసినవాడు మెకానిక్కే. యాప్ అతనికి శత్రువు కాదు. వెదకవలసిన చోటును చూపు తోడు.

అడాప్టరు కొనుటకు ముందు కొన్ని సంగతులు విచారింపవలెను. పాత తరహా బ్లూటూత్ అడాప్టర్లు ఆండ్రాయిడ్ ఫోనులతో కలియును. ఐఫోనులకు వైఫై గాని, తక్కువ విద్యుత్తుతో పనిచేయు బ్లూటూత్ గాని అవసరము. ట్రాక్టర్లకును పెద్ద లారీలకును పద్ధతి వేరగుటచే కార్ల అడాప్టరు పనికి రాకపోవచ్చును. పాత బండ్లలో ఈ యేర్పాటే యుండదు. పని ముగిసిన పిమ్మట అడాప్టరును తీసివేయవలెను. లేనిచో బ్యాటరీ క్షీణించవచ్చును. కొన్నిటికి రహస్యసంఖ్య అందరెరిగిన 1234 యే యగుటచే, దాపుననున్న పరులును దానితో సంబంధము కలుపుకొనగలరు. బండి నడుపుచు ఫోను చూడరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

పంచాయతీ కార్యాలయమున ఒక పుస్తకముంచి, మరమ్మతునకు ముందు కనబడిన సంకేతమును, తేదీని, బండి తిరిగిన కిలోమీటర్లను వ్రాయవలెను. మరమ్మతైన పిదప బండిని కొన్ని దినములు నడిపి, మరల చదివి వ్రాయవలెను. అప్పుడు బిల్లు సభ ముందునకు వచ్చినపుడు సభ్యులు ఊహతో గాక, ఆధారముతో ప్రశ్నింపగలరు. ప్రజల సొమ్మునకు అదియే రక్ష.