దారి తెగినా... ప్రయాణం ఆగదు!

2008 జనవరి 30. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రం అడుగున రెండు కేబుళ్లు తెగిపోయాయి. ఎక్కడి ఈజిప్టు... ఎక్కడి మన దేశం! అయినా దెబ్బ ఇక్కడా తగిలింది. సీ-మీ-వీ-4, ఫ్లాగ్ అనే ఆ రెండూ ఐరోపా వైపు వెళ్లే మన ఇంటర్నెట్‌కు రాచబాటలు మరి. మెయిళ్లు నత్తనడక నడిచాయి. వెబ్‌సైట్లు తెరుచుకోలేదు. కాల్‌సెంటర్లు విలవిల్లాడాయి. ముందే మరో దారి సిద్ధం చేసుకున్న సంస్థల్లో మాత్రం పని పెద్దగా ఆగలేదు. వాటి సమాచారం తూర్పుకు తిరిగి, పసిఫిక్ మహాసముద్రం మీదుగా అమెరికా చేరింది!

అలా దారి మళ్లించే పెట్టె పేరే రూటర్. పెద్ద సంస్థల్లోనే కాదు, మన ఇంటి గోడకు వేలాడే వైఫై పెట్టె చేసేదీ ఆ పనే. కాకపోతే, ఏ దారి మూసుకుంటే ఎటు వెళ్లాలో దానికి ముందే చెప్పి ఉంచాలి.

గుమ్మాలకు గ్రూపులు

రూటర్‌కి కేబుల్ గుచ్చే ప్రతిచోటూ ఒక గుమ్మం లాంటిది. దాన్నే ఇంటర్‌ఫేస్ అంటారు. ఒక ఆసుపత్రినే తీసుకోండి. ల్యాబ్, బిల్లింగ్ కంప్యూటర్లు ఒక గ్రూపు. రోగుల బంధువులు వాడుకునే వైఫై మరో గ్రూపు. బయటికెళ్లే లైన్లు ఇంకో గ్రూపు. నియమాలు ఒక్కో గుమ్మానికీ కాకుండా గ్రూపు మొత్తానికీ రాస్తారు. 'వైఫై వాళ్లు ల్యాబ్‌లోకి తొంగిచూడకూడదు' అని ఒక్కసారి చెబితే చాలు. రేపు కొత్త లైను వస్తే గ్రూపులో చేర్చేయడమే, పాత నియమాలన్నీ దానికీ వర్తిస్తాయి. అసలు లైను పోయి చిన్నపాటి 4జీ లైను మిగిలిందనుకోండి. అది ల్యాబ్‌కీ బిల్లింగ్‌కీ మాత్రమే ఇవ్వమని చెప్పొచ్చు. సినిమాలు చూసేవాళ్లు కాసేపు ఆగుతారు, రిపోర్టులు ఆగవు!

చిన్న అంకెకే పెద్దపీట

రెండు దారులుంటే ఏది ముందు? దానికో అంకె ఉంటుంది. అంకె ఎంత చిన్నదైతే దారికి అంత ప్రాధాన్యం. ఉదాహరణకు సిస్కో రూటర్లలో మనం స్వయంగా రాసిన దారికి మామూలుగా 1 ఉంటుంది. రెండో దారికి 250 ఇస్తే అది తెరవెనకే కూర్చుంటుంది. మొదటిది మాయమవగానే తెరమీదికొస్తుంది.

ఇక్కడే ఓ తిరకాసు. నాలుగు వీధుల అవతల ఫైబర్ తెగినా రూటర్ మీద లైటు పచ్చగా వెలుగుతూనే ఉండొచ్చు. గుమ్మం తెరిచే ఉంది కాబట్టి దారి బాగానే ఉందనుకుంటుంది పాపం! అందుకే కొన్ని క్షణాలకోసారి దూరాన ఉన్న ఏదో ఒక కంప్యూటర్‌ను 'ఉన్నావా?' అని పలకరించే ఏర్పాటు చేస్తారు. వరసగా మూణ్నాలుగుసార్లు జవాబు రాకపోతే దారి మారుస్తుంది. లైను తిరిగొచ్చినా వెంటనే వెనక్కి మళ్లదు, కాసేపు నిలకడ చూస్తుంది. లేదంటే వస్తూపోతూ ఉండే లైనుతో అటూఇటూ ఊగిసలాటే మిగులుతుంది.

ఒకే కొమ్మకు రెండు ఉయ్యాలలా?

రెండో దారి ఉంటే నిశ్చింతేనా? కెనడాను అడగాలి. 2022 జులై 8న అక్కడి రోజర్స్ సంస్థ నెట్‌వర్క్‌ను ఆధునికీకరిస్తూ ఒక వడపోత నియమాన్ని తొలగించారు. దారుల సమాచారం వరదలా వచ్చిపడి ప్రధాన రూటర్లు కుప్పకూలాయి. కోటీ 20 లక్షల మందికి పైగా వినియోగదారుల ఫోన్లూ ఇంటర్నెట్టూ మూగబోయాయి. డెబిట్ కార్డులు పనిచేయలేదు. అత్యవసర సేవల 911 నంబరుకూ చాలామంది ఫోన్ చేయలేకపోయారు. మొబైల్‌కీ ఇంటి ఇంటర్నెట్‌కీ ఆధారం ఒకే ప్రధాన నెట్‌వర్క్ కావడంతో ఒకటి పోతే మరొకటి ఆదుకోలేదు. మరమ్మతు చేయాల్సిన సిబ్బంది సైతం ఆ నెట్‌వర్క్ మీదే ఆధారపడటంతో లోపం వెతకడానికే గంటలు పట్టింది.

ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లకూ ఇదే పాఠం. రెండు కంపెనీల కనెక్షన్లు తీసుకున్నా, రెండు తీగలూ ఒకే స్తంభం మీదుగా వస్తే ఒక్క లారీ చాలు రెండూ తెగడానికి! ఒకటి ఫైబర్, మరొకటి వేరే సంస్థ మొబైల్ నెట్‌వర్క్ అయితే కొంత మేలు. దారి మారేటప్పుడు నడుస్తున్న వీడియో కాల్ ఒక్కసారి తెగొచ్చు, మళ్లీ కలుపుకోవచ్చు.

చివరగా ఒక్క పరీక్ష. తీరిగ్గా ఉన్న ఓ ఆదివారం అసలు కేబుల్‌ను బయటికి లాగి చూడండి. ఇంటర్నెట్ నడుస్తోందా... మీ రెండో దారి నిజమైనదే. ఆగిపోయిందా... పరీక్ష రోజునో ఇంటర్వ్యూ రోజునో కాకుండా ఇవాళే తెలిసినందుకు సంతోషించాల్సిందే!