వీపు లేని డబ్బా, వినపడని లావు తీగ

ఉగాది కార్యక్రమంలో ఇళయరాజా పాటలు వాయిద్దామని మా ఊరి తెలుగు సంఘంలో నలుగురం చేరాం. నా వంతుకి బేస్ గిటారు వచ్చింది. స్పీకరు డబ్బా కొనడమెందుకు, నేనే చేస్తానన్నాను. గిటారు వాళ్ళ డబ్బాలకి వెనకవైపు పలక ఉండదు కదా, అలాగే ప్లైవుడ్‌తో ఒకటి బిగించి, అందులో 12 అంగుళాల స్పీకరు పెట్టాను. మొదటి రిహార్సల్లో సన్న తీగలు బాగానే పలికాయి గానీ, లావు తీగ మీటితే ఉందో లేదో తెలియలేదు. వాల్యూమ్ పెంచాను. టపటపమని చప్పుడొచ్చి కోను చిరిగింది!

ఇంతకీ జరిగిందేమిటంటే, కోను ముందుకి కదిలినప్పుడు ముందున్న గాలిని నొక్కుతుంది, అదే క్షణంలో వెనకున్న గాలిని పలచన చేస్తుంది. అంటే ముందూ వెనకా ఒకే శబ్దం, గుర్తులు మాత్రం ప్లస్సూ మైనస్సూ. వెనక పలక లేకపోతే ఆ మైనస్ చుట్టూ తిరిగి ముందుకొచ్చి ప్లస్‌ని కొట్టేస్తుంది.

కాస్త లెక్క వేద్దాం. నా డబ్బా లోతు 30 సెంటీమీటర్లు. వెనక శబ్దం లోపల 30, బయట పక్కల మీదుగా మరో 30, ఉజ్జాయింపుగా 60 సెంటీమీటర్లు ఎక్కువ నడుస్తుంది. శబ్దవేగం సెకనుకి 343 మీటర్లు. 286 హెర్ట్జ్ దగ్గర ఆ 60 సెంటీమీటర్లు సరిగ్గా సగం తరంగం, కాబట్టి రెండూ కలిసొస్తాయి. 95 హెర్ట్జ్ కిందకి దిగితే నష్టం మొదలై, ఆక్టేవుకి 6 డెసిబెల్స్ చొప్పున పెరుగుతుంది. లావు తీగ మూల స్వరం 41 హెర్ట్జ్, దాని తరంగం 8 మీటర్లకు పైనే. అక్కడ నష్టం సుమారు 7 డెసిబెల్స్. అది పూడ్చాలంటే 5 రెట్లు పవరు కావాలి, కోను రెండు రెట్లకు పైగా ఊగాలి. పైగా మూసిన డబ్బాలో స్ప్రింగులా ఆపే గాలి ఇక్కడ లేదు. డిజైన్‌లో ఉన్న తప్పుని సర్వర్లు పెంచి దిద్దబోయానన్నమాట!

ఈ పొరపాటుకి చరిత్ర ఉంది. ఫెండర్ కంపెనీ 1952లో బేస్ కోసమే తెచ్చిన బాస్‌మాన్ ఆంప్లిఫయరు, 1950ల మధ్యకి నాలుగు 10 అంగుళాల స్పీకర్లతో, తెరిచిన వెనకతో తయారైంది. దాన్ని నెత్తిన పెట్టుకున్నది మామూలు గిటారు వాళ్ళు! 1969లో యాంపెగ్ ఎస్‌వీటీకి ఎనిమిది 10 అంగుళాల స్పీకర్లని మూసిన డబ్బాలోనే పెట్టారు.

మరి తెరిచిన డబ్బా బేస్‌కి పనికిరాదా? ఇంట్లో సాధనకి భేషుగ్గా పనికొస్తుంది. 41 హెర్ట్జ్ తగ్గినా దాని 82, 123 హెర్ట్జ్ అనుస్వరాలు వినిపిస్తాయి, వాటినుంచి మన చెవి మూల స్వరాన్ని ఊహించుకుంటుంది. డబ్బాలో గాలి బంధించిన బొంగురుతనం ఉండదు. పక్కలకి ముందూ వెనకా శబ్దాలు కొట్టుకుపోతాయి కాబట్టి, డబ్బా పక్క తిరిగి ఉన్న గోడకి ఆనుకుని కాపురముండే అపార్ట్‌మెంటు వాళ్ళు మిమ్మల్ని ఇంకాస్త క్షమిస్తారు.

మీరూ చేయదలిస్తే నాలుగు మాటలు. ఒకటి, 15 అంగుళాల స్పీకరు, లేదా రెండు 12లు వాడండి. రెండు, స్పీకరు వివరాల్లో క్యూటీఎస్ అనే అంకె 0.7 దగ్గరగానో ఆపైనో ఉండాలి. ఖరీదైన పెద్ద అయస్కాంతం ఉన్న స్పీకర్లలో ఇది తక్కువగా ఉండి, తెరిచిన డబ్బాలో బేస్ పలచబడుతుంది. మూడు, లోతు 45 సెంటీమీటర్లు చేస్తే ఆ 95 కాస్తా 63 హెర్ట్జ్‌కి దిగుతుంది. అలాగని మరీ పెంచకండి, డబ్బా గొట్టంలా మోగుతుంది. 45కే 190 హెర్ట్జ్ దగ్గర ఆ మోత మొదలవుతుంది. నాలుగు, 40 హెర్ట్జ్ కిందవి కోసేసే హైపాస్ ఫిల్టరు పెట్టి, డబ్బాని వెనక గోడకి మీటరు దూరంలో ఉంచండి. ఆ ఫిల్టరు ఖర్చు కొత్త స్పీకరు ఖర్చు కన్నా తక్కువ, అనుభవం మీద చెబుతున్నాను.

ఉగాది నాడు అద్దెకి తెచ్చిన మూసిన డబ్బాతో గట్టెక్కాను. నా తెరిచిన డబ్బా, లోతు పెంచుకుని కొత్త స్పీకరుతో, ఇప్పుడు పడగ్గది మూల ఉంది. రాత్రి పదింటికి వాయించినా పక్కింటివాళ్ళు ఇంతవరకు తలుపు కొట్టలేదు.