సర్వము శుభమేనా?



1755వ సంవత్సరము నవంబరు 1వ తేదీ క్రైస్తవులకు సకల పునీతుల పండుగ. ఆనాటి యుదయమున పోర్చుగల్ దేశపు రాజధానియగు లిస్బనులో జనులు దేవాలయములయందు గుమిగూడి ప్రార్థనలు సలుపుచుండిరి. అంతలో భూమి కంపించెను. గోపురములు కూలెను. పూజకై వెలిగించిన దీపములనుండియు, ఇండ్లలోని పొయ్యిలనుండియు మంటలు లేచి పలుదినములు పట్టణమును దహించెను. భయముచే నదీతీరమునకు పరుగెత్తినవారిని సముద్రపు టలలు ముంచివైచెను. వేలకొలది జనులు మృతులైరి.

ఈ విపత్తు ఐరోపా పండితులలో నొక పాత ప్రశ్నకు మరల ప్రాణము పోసెను. దేవుడు దయామయుడైనచో నిట్టి దుఃఖ మేల కలుగవలెను? జర్మను తత్త్వవేత్త లైబ్నిజ్ 1710లో ప్రకటించిన గ్రంథమున దీనికి సమాధానము చెప్పియుండెను. ఈశ్వరుడు సర్వజ్ఞుడు, సర్వశక్తుడు, దయాళువు. కావున సృజింపదగిన లోకములన్నిటిలో నుత్తమమైనదానినే సృజించియుండునని యాతని వాదము. ఇచ్చట నొక భేదమును గమనింపవలెను. నేడు మనము ఆశావాదమనునది ఱేపు మేలు కలుగునను నమ్మిక. నాటి వాదము, ఇప్పుడున్న దంతయు నుండదగినట్లే యున్నదనునది. మొదటిది మనుష్యుని పనికి పురికొల్పును. రెండవది, పనితో నక్కఱలేదని జోకొట్టును.

ఫ్రాన్సుదేశపు రచయిత వోల్టేరు ఈ రెండవదానిపై 1756లో లిస్బను విపత్తును గూర్చి యొక పద్యకృతిని వ్రాసెను. రూసో దానికి దీర్ఘమైన లేఖతో బదులు చెప్పెను. ఆఱేడంతస్తుల యిండ్లను ఇఱుకుగా గట్టుకొన్నది మనుష్యులేకాని ప్రకృతి కాదుగదా యని రూసో చేసిన యాక్షేపణ మిక్కిలి తెలివైనది, నేడును పనికివచ్చునది. 1759లో వోల్టేరు ‘కాండీడు’ అను చిన్న కథను, తన పేరు దాచి, రాల్ఫు అను జర్మను వైద్యుని రచన యను నెపముతో వెలువరించెను. జెనీవాలోను పారిసులోను అధికారులు దానిని ఖండించిరి. నిషేధింపబడినకొలది అది యెక్కువగా చదువబడెను.

మన యాలంకారికులు వ్యాజస్తుతి యని యొక యలంకారమును జెప్పిరి. పైకి స్తుతి, లోన నింద. ఈ కథ యంతయు నట్టిదే. కాండీడు అమాయకుడైన యువకుడు. అతని గురువు పాంగ్లాసు. ముక్కు కండ్లజోడును మోయుటకై నిర్మింపబడినది, కావుననే కండ్లజోళ్లు కలిగినవని యా గురువు బోధించును. తర్కసంగ్రహము చదువుకొన్న చిన్నవాడుకూడ నిది హేత్వాభాసమని చెప్పగలడు. నే నెఱిగిన పాఠశాలలలో నిట్టి సమాధానమునకు మార్కులు వేయరు. లోకములో మాత్రము దీనితో జీవితమంతయు గడుపువారు కలరు.

ఒక దయాళువు తుపానులో సముద్రమున బడి మునిగిపోవుచుండగా కాండీడు రక్షింపబోవును. లిస్బను రేవు ఈతడు మునుగుటకే యేర్పడినదని పాంగ్లాసు యుక్తులతో నిరూపించుచు శిష్యుని ఆపును. నిరూపణ పూర్తియగునప్పటికి ఆ దయాళువు మునిగిపోయెను. ఆతడు ఇతర క్రైస్తవులు వెలివేసిన అనబాప్తిస్టు శాఖవాడు. అంతకుముందు హాలెండులో ఒక బోధకుడు దానధర్మములపై గంటసేపు ఉపన్యసించి, ఆకలితో వచ్చిన కాండీడును అన్నమునకు బదులు మతప్రశ్న యడిగి తఱిమివేయగా, ఇంటికి గొనిపోయి రొట్టె పెట్టినవాడును ఈ వెలివడినవాడే.

భూకంపానంతరము పండితులు కూడి, కొందఱిని సావకాశముగా తగులబెట్టుట భూకంపములకు దివ్యౌషధమని నిర్ణయింతురు. కోడిమాంసమునుండి పందికొవ్వును తీసివైచి తిన్నవా రిరువురు యూదులుగా నెంచబడి దండితులగుదురు. మాటలాడినందుకు పాంగ్లాసునకు ఉరి. ఒప్పుకొన్నట్లు విన్నందుకు కాండీడునకు కొరడాదెబ్బలు. ఆ దినముననే భూమి మరల కంపించును! ఇది కల్పన. కాని మూల మబద్ధము కాదు. మాలగ్రిడా యను జెసూటు సన్న్యాసి, భూకంపము ప్రజల పాపములకు దైవశిక్ష యని 1756లో నిజముగనే ప్రకటించెను. పిమ్మట పొంబాలు అను పేర ప్రసిద్ధుడైన మంత్రి వేఱొక మార్గము త్రొక్కెను. కంపన మెంతసేపుండెను, ఎన్నిమార్లు వచ్చెను, ఎన్ని యిండ్లు కూలెనని గ్రామగ్రామమున గురువులకు ప్రశ్నలు పంపించెను. కొయ్యచట్రముల నిమిడ్చి, కదలినను కూలని యిండ్లను గట్టించెను. భూకంపశాస్త్రమునకు ఈ ప్రశ్నావళి తొలిమెట్లలో నొకటి. అయినను, ఇదే మంత్రి ప్రాబల్యమున ఆ సన్న్యాసి మతద్రోహిగా నిర్ణయింపబడి 1761లో చంపబడెను. కారణ మన్వేషించువాడు సయితము కత్తి చేతికి వచ్చినప్పుడు సహనశీలియై యుండునని చెప్పవీలులేదు.

వోల్టేరు కథ వ్రాసి యూరకుండలేదు. తులూజు నగరమున జాన్ కలా అను ప్రొటెస్టెంటు వర్తకుని కుమారుడు 1761లో మరణించెను. కొడుకు కాథలిక్కు మతములో చేరబోగా తండ్రియే చంపెనని పుకారు పుట్టెను. పుకారే సాక్ష్యమాయెను. 1762 మార్చి 10న ఆ వృద్ధుని చక్రమునకు గట్టి ఎముకలు విఱుగగొట్టి చంపిరి. వోల్టేరు 1763లో సహనమును గూర్చి గ్రంథము వ్రాసి, లేఖలతో దేశమును కదలించెను. 1765లో కలా నిర్దోషియని తీర్పు వచ్చెను. 2015 జనవరిలో పారిసులోని ఒక వ్యంగ్యపత్రిక కార్యాలయముపై దాడిలో 12 మంది హతులైన పిదప, ఆ గ్రంథమునే జనులు మరల విరివిగా కొని చదివిరి. ఐనను వోల్టేరు యూదులనుగూర్చి వ్రాసిన కఠోరవాక్యములు ఆతనికి మచ్చయే. సహనమును బోధించుట సులభము. మనకు నచ్చనివారియెడ నాచరించుటే కష్టము.

ఇది పరదేశపు ముచ్చట యని మనము నవ్వి వదలరాదు. 1934 జనవరి 15న బీహారులో ఘోరమైన భూకంపము వచ్చెను. అది అస్పృశ్యతాపాపమునకు దైవము విధించిన దండనయని గాంధీమహాత్ముడు చెప్పెను. భౌతికోత్పాతములకు భౌతికకారణములే యుండునని రవీంద్రుడు దానిని ఖండించెను. గాంధీ ఆ ఖండనను తన ‘హరిజన్’ పత్రికలోనే ప్రకటించి, తన సమాధానమును వ్రాసెను. అస్పృశ్యత పాపమనుటలో వారిరువురకు భేదము లేదు. భేదించినవాడు ద్రోహి కాలేదు, శత్రువును కాలేదు. ఇట్లు భేదించుటకు నేర్చుకొనుటయే సహనము.

ఆశావాదమునకును అసహనమునకును సంబంధ మేమని మీరడుగవచ్చును. ఒకడు, ఈ దుఃఖము లోకమునకు మేలే యనును. మఱొకడు, ఈ దుఃఖము వారికి తగినదే యనును. ఇరువురును దుఃఖితుని ముఖమును చూడకుండుటకే సిద్ధాంతమును అడ్డము పెట్టుకొనుచున్నారు. మన కర్మసిద్ధాంతమునకును ఈ యపాయము కలదు. నాకు వచ్చిన కష్టమును నా కర్మ యనుకొని యోర్చుకొనుట ధైర్యము. ఎదుటివాని కష్టమును వాని కర్మ యని దాటిపోవుట క్రౌర్యము. మాట యొక్కటే, చెప్పువాని స్థానమునుబట్టి ధర్మము మాఱినది.

కథాంతమున కాండీడు వాదములకు సెలవిచ్చి, తోటపని చేసికొనవలెనని నిశ్చయించును. ఇది వైరాగ్యమని కొందఱందురు. నాకట్లు తోపదు. వ్రాసినవాడు తన చిన్నతోటలో కూర్చుండి, ఎన్నడు చూడని వర్తకుని నిర్దోషిత్వమునకై మూడేండ్లు పోరాడెను. ఆ తోటకు కంచె యెచ్చట వేయవలెనో ఎవరికి వారు నిర్ణయించుకొనవలసినదే. వరద వచ్చినను, వ్యాధి వచ్చినను, ఎవరి పాపమని యడుగుటకు ముందు ఎవరికి అన్నము లేదని యడిగినచో, ఆ కంచె సరియైన చోటనే యున్నదని నేను భావింతును.