వేడి చేసిందా, ఇన్ఫెక్షనా?

మూత్రానికి వెళ్తే మంట. వెళ్లొచ్చిన పది నిమిషాలకే మళ్లీ వెళ్లాలనిపించడం. తెలుగు ఇళ్లలో దీన్ని ‘వేడి చేసింది’ అంటారు. మందు బార్లీ నీళ్లు, మజ్జిగ, కొబ్బరి బొండం. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి తెలుగువాళ్లు స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో, సుభాష్‌పల్లి లాంటి పేటల్లోనూ ఇదే మాట వినిపిస్తుంది.

ఎండలో నీళ్లు తాగక మూత్రం చిక్కబడితే కాస్త మంట పుట్టడం నిజమే. నీళ్లు తాగితే అది తగ్గిపోతుంది. తగ్గకుండా సతాయించే మంటకు కారణం చాలాసార్లు ఈ-కోలి అనే బ్యాక్టీరియా. పేగుల్లో ఉన్నంతవరకు సాధారణంగా దానితో పేచీ లేదు. మూత్రం బయటికి వచ్చే గొట్టం గుండా మూత్రాశయంలోకి పాకితేనే గొడవ. ఆ గొట్టం పొడవు పురుషుల్లో సుమారు 20 సెంటీమీటర్లు, స్త్రీలలో 4 మాత్రమే. ఈ బాధ ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించడానికి అదొక ముఖ్య కారణం.

చిన్న లెక్క వేద్దాం. మూత్రాశయంలో చేరిన బ్యాక్టీరియా గంటకోసారి రెట్టింపవుతుందని, వెళ్లిన ప్రతిసారీ పదింట తొమ్మిది వంతులు కొట్టుకుపోతాయని అనుకుందాం. రెండు గంటలకోసారి వెళ్తే 100 కాస్తా 400 అవుతాయి, వాటిలో 40 మిగులుతాయి. మరో రెండు గంటలకు 16. ఎనిమిది గంటలు తిరిగేసరికి రెండో మూడో. అదే ఎనిమిది గంటలూ ఆపుకుంటే 25,600. అప్పుడు వెళ్లినా లోపల 2,560 ఉండిపోతాయి. శరీరం ఇంత సరళంగా పనిచేయదు గానీ, నీళ్లు ఎందుకు మేలు చేస్తాయో ఈ లెక్క చెబుతుంది.

2018లో వెలువడిన ఒక అధ్యయనం దీన్ని మనుషుల్లోనే పరీక్షించింది. తరచూ ఈ ఇన్ఫెక్షన్ వచ్చే, రోజుకు లీటరున్నర కన్నా తక్కువ ద్రవాలు తాగే 140 మంది మహిళలను తీసుకుని, సగం మందిచేత అదనంగా మరో లీటరున్నర నీళ్లు తాగించారు. ఏడాదిలో వాళ్లకు సగటున 1.7 సార్లు ఇన్ఫెక్షన్ వస్తే, మిగతావాళ్లకు 3.2 సార్లు వచ్చింది. (గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా నీళ్లు పెంచకూడదు.)

అయితే నీళ్లు తాగమని చెప్పినంత తేలిక కాదు తాగడం. మన రైలింజన్లలో చాలాకాలం మరుగుదొడ్డే లేదు. బయోటాయిలెట్ ఉన్న ఇంజన్ మొదట వచ్చింది 2016లో. డ్యూటీకి ముందు నీళ్లు తాగడం తగ్గించుకుంటామని మహిళా లోకో పైలట్లు చెబుతూనే ఉన్నారు. సంతలో కూర్చుని అమ్ముకునే ఆడవాళ్లదీ ఇదే సంగతి. వీళ్లకు నీళ్ల గురించి పాఠం చెప్పేకన్నా తలుపు, గడియ, నీళ్లు ఉన్న మరుగుదొడ్డి కట్టించడం మంచి వైద్యమని నాకనిపిస్తుంది.

ఇక నీళ్లకు లొంగని దశ. ఈ-కోలికి ఒంటినిండా నూలుపోగుల్లాంటి కొక్కేలుంటాయి. వాటితో మూత్రాశయం గోడను పట్టుకుంటే ప్రవాహం దాన్ని కదిలించలేదు. ఎంత బార్లీ తాగినా మంట వదలకపోతే కారణం ఇదే కావచ్చు. అప్పుడు యాంటీబయాటిక్ అవసరం పడుతుంది.

ఏ యాంటీబయాటిక్ అన్నదే చిక్కు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులకు మన దేశంలో ఈ-కోలి చాలావరకు అలవాటుపడిపోయింది. మూత్రాశయానికే పరిమితమైన ఇన్ఫెక్షన్‌కు పాత మందు నైట్రోఫ్యూరంటాయిన్ ఇప్పటికీ బాగా పనిచేస్తోంది. మామూలుగా ఐదు రోజులు ఇస్తారు. మాటిమాటికీ తిరగబెడుతుంటే మొదటి మాత్ర వేసుకోకముందే మూత్రం కల్చర్‌కు ఇవ్వాలి. మాత్ర పడ్డాక ఇస్తే బ్యాక్టీరియా దొరక్కపోవచ్చు. ఫలితం రావడానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది.

చలిజ్వరం, నడుముకు ఒక పక్క నొప్పి, వాంతులు మొదలైతే ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కిందని అనుమానించాలి. నైట్రోఫ్యూరంటాయిన్ కిడ్నీ కణజాలంలో చాలినంత చేరదు, కాబట్టి అక్కడ పనికిరాదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులకైతే మంట లేకపోయినా పరీక్షలో బ్యాక్టీరియా బయటపడితే చికిత్స చేస్తారు, ఎందుకంటే వాళ్లలో అది కిడ్నీల దాకా పాకే అవకాశం ఎక్కువ.