మరిచిన తల్లి, మరువని బిడ్డ

ఈ నెల మధుమేహం గురించి రాసి ఇస్తామని సంపాదకులవారికి మాట ఇచ్చి, తీరా కాగితం ముందు కూర్చున్నాక వేరే సంగతి రాస్తున్నాము. మన్నించాలి. చక్కెర జబ్బు ఎక్కడికీ పోదు, వచ్చే నెల రాసినా ఉంటుంది.

నలుగురు తెలుగు తల్లులం ఒకచోట చేరామంటే స్కూలు ఫీజులు, ఊరి కబుర్లు అయ్యాక తప్పకుండా వచ్చే మాట ఒకటుంది. "ఈ పరాయి దేశంలో, ఈ రోజుల్లో, పిల్లలకు దైవభక్తి ఎలా అబ్బుతుందండీ?" అని. మేమూ ఎన్నోసార్లు అన్నాము. కాని ఒమాన్‌ను దేవుడు లేని దేశమని ఎవరనగలరు? ఇంకా తెల్లవారకముందే మసీదు నుంచి బాంగు వినిపిస్తుంది. మా దగ్గరకు వచ్చే పెద్దవాళ్ళకు మందు వేళలు చెప్పాలంటే గడియారం అక్కరలేదు. "ఫజర్ తరువాత ఒకటి, ఇషా తరువాత ఒకటి" అంటే చాలు, మరిచిపోరు.

మనకు మాత్రం ఏం లోటు? పాత మస్కట్‌లో అల్ ఆలం ప్యాలెస్‌కు దగ్గరలోనే గుజరాతీ వర్తకుల నాటి శివాలయం ఉంది. దార్సైత్‌లో కృష్ణ మందిరం ఉంది. రువీలోనూ ఘాలాలోనూ సుల్తాన్ కాబూస్ ఇచ్చిన స్థలాలలో చర్చిలు ఉన్నాయి. శుక్రవారం సెలవు కనుక ఆదివారపు ఆరాధన ఇక్కడ శుక్రవారమే జరుగుతుంది. ఎవరి ఆచారం ప్రకారం వారు పూజ చేసుకోవచ్చునని 1996 నాటి మూల శాసనం చెప్పింది, 2021లో వచ్చిన కొత్త శాసనమూ ఆ మాట నిలబెట్టింది. కాబట్టి పరాయి దేశం అన్న సాకు మనకు చెల్లదు. మరి దేవుడు లేని చోటు ఎక్కడ? అది మాకు మా ఇంట్లోనే కనబడింది. ఆ సంగతే చెప్పబోతున్నాము.

మా అమ్మాయి కడుపులో ఉండగా, మాకు ఏడో నెలలో, మా అమ్మగారు కాకినాడ నుంచి వచ్చారు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు బారజాపుకొని కూర్చుంటే పక్కన చేరి పోతన భాగవతం చదివేవారు. అందులోనూ ప్రహ్లాద చరిత్రే ఎక్కువ. హిరణ్యకశిపుడు తపస్సుకు పోయినప్పుడు, నిండు గర్భిణి అయిన లీలావతిని ఇంద్రుడు చెరపట్టి తీసుకుపోతుంటే నారదుడు అడ్డుపడి తన ఆశ్రమంలో ఉంచుకుంటాడు. అక్కడ ఆయన చెప్పిన ధర్మమంతా కడుపులోని బిడ్డ వింటాడు. కథ మనందరికీ తెలిసినదే.

"డాక్టర్లు నమ్ముతారా ఇది?" అని మా వారు వేళాకోళం చేసేవారు. నమ్మడానికి కొంత ఆధారం ఉంది. 1986లో అమెరికాలో డికాస్పర్, స్పెన్స్ అనే పరిశోధకులు గర్భిణుల చేత చివరి ఆరు వారాలు రోజూ ఒకే పిల్లల కథను పైకి చదివించారు. పుట్టిన పసివాళ్ళు తక్కిన కథలకంటె ఆ కథను వినడానికే ఎక్కువ ఇష్టపడ్డారు, చదివే గొంతు తల్లిది కాకపోయినా సరే. అయితే కడుపులో బిడ్డకు చేరేది స్వరమూ లయా మాత్రమే. అర్థం చేరదు, భక్తి అంతకన్నా చేరదు. అర్థం పుట్టిన తరువాత మనల్ని చూసి నేర్చుకోవలసిందే.

చూసి నేర్చుకోవడమంటే ఏమిటో గాంధీగారి ఆత్మకథలో ఉంది. వారి తల్లి పుత్లీబాయి ఒక చాతుర్మాస్యంలో సూర్యుణ్ణి చూడనిదే భోజనం చేయనని వ్రతం పట్టారు. వానాకాలం. పిల్లలు ఆకాశం వంకే చూస్తూ నిలబడి, సూర్యుడు కనబడగానే అమ్మను పిలుచుకురావడానికి పరిగెత్తేవారు. ఆమె వచ్చేలోగా మబ్బు కమ్మేది. ఆమె విసుక్కోకుండా లోపలికి వెళ్ళి పని చూసుకునేవారట, ఆ పూటకు పస్తే. ఆ తల్లి ముందు చేసిన ప్రమాణమే 1888లో లండన్ వెళ్ళిన కొడుకును మద్యానికీ మాంసానికీ దూరంగా ఉంచింది. ఆమె నిష్ఠ కోసం ఆకలి భరించినది ఆమే గాని మరొకరు కాదు. ఈ మాట గుర్తుంచుకోండి. మేము మరిచిపోయినది ఇదే.

మా ఇంట్లో ఆరేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడది కోనసీమ. క్రైస్తవురాలు. తన కూతురిని తల్లి దగ్గర వదిలి, మా కూతురిని పెంచడానికి సముద్రం దాటి వచ్చింది. మా అమ్మాయి చేత ఆవిడను "అత్తా" అని పిలిపించినది మా అమ్మగారే. అమ్మగారు ఇక్కడ ఉన్నన్నాళ్ళూ శుక్రవారం ఉదయం తనే కాఫీ కలిపి ఆవిడకిచ్చి, "ఆలస్యమవుతుంది, బయలుదేరమ్మా" అని చర్చికి సాగనంపేవారు. తరువాత తన దీపం తాను పెట్టుకునేవారు. అమ్మగారు ఊరికి వెళ్ళిపోయాక శుక్రవారాలు మెల్లమెల్లగా మావైపోయాయి. ఒక వారం అతిథులు, ఒక వారం డ్యూటీ. ఆవిడ అడగడం తగ్గించింది, మేము గమనించడం మానేశాము.

కిందటి సంవత్సరం ఒక శుక్రవారం సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాము. ముప్ఫైమందిని పిలిచాము. ముందు రోజు రాత్రి ఆవిడ వచ్చి, "సోమవారం నుంచి పాపకు పదో తరగతి పరీక్షలండీ, రేపు ఒక్క గంట గుడికెళ్ళి ప్రార్థన చేసుకొచ్చేస్తానండి" అంది. అక్కడివారు చర్చిని కూడా గుడి అనే అంటారు. "వచ్చే వారం వెళ్ళుదువులే, రేపు ఎలా కుదురుతుంది?" అన్నాము. ఆవిడ సరేనంది.

వ్రతం చాలా బాగా జరిగింది. కథ విన్నారు, ప్రసాదం మెచ్చుకున్నారు, మా అమ్మాయి రెండు కీర్తనలు పాడితే "ఎంత చక్కగా పెంచుతున్నారండీ" అని అందరూ అన్నారు. మేము పొంగిపోయాము. అందరూ వెళ్ళాక అమ్మాయి ప్రసాదం గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, వెంటనే తిరిగి వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల.

"అమ్మా, అత్త గిన్నెలు తోముతూ ఏడుస్తోంది. మన దేవుడికి పూజని వాళ్ళ దేవుడి దగ్గరికి పంపలేదా? అమ్మమ్మ అయితే పంపేసేది."

ఆ పిల్ల మమ్మల్ని తప్పుపట్టలేదు. తెలియక అడిగింది. మాకు మాత్రం నోట మాట రాలేదు. ఎవరి కూతురి పరీక్షకు ఎవరి పూజ అడ్డమైందో అప్పుడు గాని తట్టలేదు. మేము పెట్టుకున్న వ్రతం ఖరీదు ఆవిడ చెల్లించింది.

ఆ రాత్రి అమ్మగారికి ఫోను చేసి జరిగినది చెప్పుకున్నాము. ఆవిడ మందలించలేదు. "లీలావతి కథలో చివరి ముక్క నీకు గుర్తు లేదా? నారదుడు చెప్పినదంతా కాలం గడిచాక తల్లి మరిచిపోయింది. కొడుక్కే గుర్తుంది" అన్నారు. నిజమే. భాగవతంలో ప్రహ్లాదుడు తన తోటి పిల్లలకు ఈ మాటే చెబుతాడు. అన్నిసార్లు విన్నాము గాని ఆ వాక్యం మా చెవిన పడలేదు.

మర్నాడు ఆవిడను క్షమించమని అడిగాము. ఆవిడ కంగారుపడి, "అంత మాట వద్దండీ, రాత్రి ఫోనులోనే పాపచేత ప్రార్థన చేయించానండీ" అంది. అప్పుడు తెలిసింది, రోజూ పడుకోబోయే ముందు ఆ తల్లీకూతుళ్ళు ఫోనులో కలిసి ప్రార్థన చేసుకుంటారని. సముద్రం ఇవతల నుంచి బిడ్డను దైవభక్తితో పెంచుతున్న తల్లి మా వంటింట్లోనే ఉండగా, పిల్లలను ఎలా పెంచాలా అని మేము సభల్లో చర్చించుకుంటున్నాము.

ఇప్పుడు శుక్రవారం ఉదయం ఆవిడది. రువీ దాకా మా వారే కారులో దింపి వస్తారు. కాఫీ మేమే కలుపుతాము, అమ్మగారి చేతి రుచి మాత్రం రాదు. ఆ పూట వంట ఆలస్యమవుతుంది, అతిథులను సాయంత్రానికి పిలుస్తాము.

సోదరీమణులారా, మేము ఎవరికీ నీతులు చెప్పగలవాళ్ళం కాము. పిల్లలకు శ్లోకాలు నేర్పండి, కథలు చెప్పండి, గుడికి తీసుకువెళ్ళండి. వాటితోపాటు మన భక్తి వల్ల మన ఇంట్లో ఎవరు అలసిపోతున్నారో ఒక్కసారి వంటింట్లోకి తొంగి చూడండి. మనం చూడకపోయినా పిల్లలు చూస్తూనే ఉంటారు. మనం మరిచిపోయినా వాళ్ళు మరిచిపోరు.

మధుమేహం వచ్చే నెల తప్పకుండా రాస్తాము. అందాకా ప్రసాదమైనా సరే, కొంచెంగానే పుచ్చుకోండి.