ఎదుట కూర్చుండి వినవలసిన పాట

పాటను మెచ్చినవానికి ఆ పాటకుని కన్నులార చూడవలెనను కోరిక కలుగుట సహజము. గ్రామఫోను పలకలు వచ్చిన దినములలోను, రేడియో ఇంటింట వెలసిన దినములలోను ఈ కోరిక సన్నగిల్లలేదు, పైపెచ్చు పెరిగినది. నేటి కళాశాల విద్యార్థి చేతిలోని ఫోనులో జపాను దేశపు పాటలు వినుచున్నాడు. ఆ భాషలో ఒక్క పదమైనను అతనికి తెలియదు. అయినను ఆ గాయని ఎన్నడైన మన దేశమునకు వచ్చి పాడునా, వేలమంది వెనుక నిలిచియైనను ఒక్క మారు చూడగలనా అని ఉవ్విళ్ళూరుచుండును. పెద్దలు దీనిని చూచి నవ్వుదురు. కాని ఇందు నవ్వవలసినదేమియు లేదు.

ఆ జపానులోనే 2007వ సంవత్సరమున హత్సునే మికు అను పేరుతో ఒక గాయని వెలసినది. ఆమె మనిషి కాదు. ఒక నటి కంఠధ్వనులను గ్రహించి, కంప్యూటరులో పొదిగి, ఎవరు ఏ పాట కూర్చినను పాడునట్లు చేసిన యంత్రస్వరము. ఆ పాటలను ఎవరింట వారు కూర్చుండి సుఖముగా వినవచ్చును. అయినను ఆమె బొమ్మను వేదికమీద వెలుగుతో నిలిపి పాడించునపుడు వేలాది జనులు టిక్కెట్లు కొని వచ్చి కూడుచున్నారు. గాయనియే లేని పాటకును సభ కావలసివచ్చినదనగా, పాటలో సభకు గల పాలు ఎంతటిదో ఊహింపవచ్చును. పాట వినుట వేరు, పాటకు పోవుట వేరు. మన పల్లెలలో పెద్దలు ‘హరికథకు పోయితిమి’, ‘బుర్రకథకు పోయితిమి’ అనియే చెప్పుదురు. వినుట ఆ పోవుటలో ఒక భాగము మాత్రమే.

ఈ భేదము చక్కగా బోధపడవలెనన్న మన ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము పోవు త్రోవ పట్టవలెను. ఈ నేలపై రెండు పాటలు పుట్టినవి. ఒకటి గుడి నీడను పెరిగినది. మరియొకటి అడవి నీడను పెరిగినది.

మొదటిది లోకవిదితము. 17వ శతాబ్దమున నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీలుదారై, భద్రగిరి రామునికి గుడి కట్టించి, గోలకొండ చెరలో మ్రగ్గి రామదాసైన వృత్తాంతము ప్రతి బాలునికి తెలిసినదే. ఆయన కీర్తనలు భజనగోష్ఠుల వెంట నడచి తమిళదేశము చేరినవి. త్యాగరాజస్వామి తన ‘ప్రహ్లాద భక్తి విజయము’న ఆయనను స్మరించి నమస్కరించెను. మన కాలమున మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) కంఠమున ఆ కీర్తనలు ఇంటింటికి వచ్చినవి. ఆ పాటకు పుస్తకము కలదు, రాగము కలదు, తాళము కలదు. పాడువాడు మారినను పాట నిలుచును. భద్రాచలము చూడనివాడును రామదాసు కీర్తన పాడుకొనవచ్చును.

రెండవదానికి ఈ సదుపాయములేవియు లేవు. అది కోయ డోలీల పాట.

కోయలు గోదావరికి ఇరువైపుల, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా రాష్ట్రముల సరిహద్దు అడవులలో నివసించువారు. వారిలో వంశచరితములను, వేల్పుల కథలను పాడుట వృత్తిగా గలవారు డోలీలు. మెడకు వ్రేలగట్టుకొను పెద్ద డోలు వారి వాద్యము. ఆ పేరే వారికి వచ్చినది. కోయ సమాజము గట్లుగా ఏర్పడి యున్నది: మూడవ గట్టు, నాలుగవ గట్టు, ఐదవ గట్టు, ఆరవ గట్టు, ఏడవ గట్టు. ఒక గట్టువారందరు అన్నదమ్ములు. పెండ్లి సంబంధము వేరొక గట్టుతోనే జరుగవలెను. ప్రతి గట్టునకు ఇలవేల్పులు కలరు. ఆ వేల్పులకు కథ కలదు. ఆ కథకు గుర్తుగా పడిగె కలదు. పడిగె యనగా బొమ్మలు కూర్చిన గుడ్డ జెండా. చదువరికి గ్రంథము వంటిది డోలీకి పడిగె. ఎవరు ఎవరికి పుట్టిరి, ఎచ్చటినుండి ఎచ్చటికి వచ్చిరి, ఏ వాగు దాటిరి, ఏ గుట్టమీద నిలిచిరి అనునదెల్ల ఆ బొమ్మల వెంట పాటగా నడచును.

కావున డోలీ పాట వట్టి వినోదము కాదు. అది వంశపత్రిక, పొలిమేరల పటము, వావివరుసల ధర్మశాస్త్రము. ప్రభుత్వములు గీచిన గీతలు ఈ సీమలో పలుమార్లు మారినవి. 1953లో ఖమ్మము వరంగల్లునుండి వేరుపడి జిల్లా యైనది. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు తూర్పుగోదావరినుండి వచ్చి ఇందులో చేరినవి. 2014లో పోలవరము ముంపు మండలములు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము వేరు జిల్లా యైనది. ఇన్ని గీతలు మారినను డోలీ నోట గట్లు మారలేదు, వేల్పులు నడచిన త్రోవ మారలేదు.

ఆ కథలలో తలమానికము సమ్మక్క సారలమ్మల కథ. కాకతీయ ప్రతాపరుద్రుని సైన్యముతో అడవిబిడ్డలు చేసిన పోరును, సంపెంగవాగులో జంపన్న ఒరిగిపోవుటను, సమ్మక్క చిలకలగుట్టపై అదృశ్యమగుటను మనము పాఠ్యపుస్తకములో ఒక్క పుటలో చదివి ముగింతుము. డోలీకి అది ఒక రాత్రి పాట. రెండేండ్ల కొకమారు మాఘమాసమున జరుగు మేడారము జాతరలో కన్నెపల్లినుండి సారలమ్మ, పూనుగొండ్లనుండి పగిడిద్దరాజు, కొండాయినుండి గోవిందరాజు గద్దెలకు వత్తురు. చిలకలగుట్టనుండి సమ్మక్క దిగివచ్చును. జాతర చూచువానికి అది నాలుగు దినముల వేడుక. డోలీ పాట వినినవానికి ఆ నాలుగు త్రోవలును నాలుగు కథలుగా తోచును.

చాల యేండ్ల క్రిందట మణుగూరు సీమలోని ఒక కోయపల్లెలో కొలుపునాడు ఈ పాట వినుభాగ్యము నాకు కలిగినది. ఆ డోలీ పెద్ద పేరు గన్నవాడు కాడు. నెగడు ప్రక్క డోలుతోలు కాచి, ఒకటి రెండు దెబ్బలు వేసి చూచుకొని, మెల్లగా మొదలుపెట్టెను. కొంతసేపు తెలుగు, కొంతసేపు కోయ. అతడు ఒక చరణము పాడి విడువగా ప్రక్కవాడు అందుకొనును. కథ నడచునపుడు డోలు గట్టిగా మ్రోగును; తాతముత్తాతల పేర్లు వచ్చునపుడు డోలు ఆగిపోవును. పేర్లు అందరికి స్పష్టముగా వినబడవలెను గదా! అట్టి ఒక ఘట్టమున ఒక ముసలివాడు లేచి నిలిచి పాటకు అడ్డుపడెను.

“మా తాతల పేర్లు ఇడిసిపెట్టినవేందయ్యా?”

డోలీ కోపింపలేదు. నవ్వుచు, “తొందరెందుకు పెద్దయ్యా, వాగు దాటంగనే నీ తాతలొస్తరు” అనెను. చుట్టునున్నవారు గొల్లున నవ్విరి. పిమ్మట వాగు దాటిన ఘట్టము రాగానే డోలీ ఆ ముసలివానివైపు తిరిగి, ఆ పేర్లన్నియు ఒక్కొక్కటే పలికెను. ముసలివాడు ఒక్కొక్క పేరుకు తల యూపెను. ఆ పేర్ల భాగము అంత దీర్ఘముగా సాగుట ఆ ముసలివాడు అక్కడ కూర్చుండుటవలననే యని నాకు తోచినది. మరునాడు మరియొక పల్లెలో, మరియొక గట్టువారి ముందు, ఆ భాగము క్లుప్తమై మరియొకటి పెరుగును. వినువారు లేనిచో ఆ రాత్రి పాట ఆ రూపున పుట్టి యుండదు.

పండితులు ఈ సంగతినే వేరొక దేశమున కనుగొనిరి. 1930 తరువాతి యేండ్లలో మిల్మన్ పారీ, ఆల్బర్ట్ లార్డ్ అను ఇరువురు అమెరికా విద్వాంసులు యుగోస్లావియా పల్లెలు తిరిగి, ఒక్క తంత్రి గల గుస్లె వాయించుచు వీరగాథలు పాడువారి పాటలను పలకలపై గ్రహించిరి. అందు అవ్దో మెద్యెదోవిచ్ అను నిరక్షరుడు 12,000 పాదములకు మించిన కథను పాడెను. లార్డ్ 1960లో ప్రకటించిన గ్రంథమున తేల్చిన సారాంశమిది: అట్టి గాయకుడు వల్లించినది అప్పగించుటలేదు, వినువారి యెదుట అప్పటికప్పుడు కూర్చుచున్నాడు. హోమరు కావ్యములును అట్లే పుట్టి యుండునని వారు వాదించిరి. అనగా యంత్రము పట్టి యిచ్చునది ఒక రాత్రి పాటను మాత్రమే. పాటను పుట్టించు శక్తిని అది పట్టజాలదు.

మన సీమలో ఆ శక్తి గలవారిలో అగ్రగణ్యుడు సకిని రామచంద్రయ్య. ఆయన ఊరు మణుగూరు మండలములోని కూనవరము. శబరి గోదావరిలో కలియుచోట మరియొక కూనవరము కలదు. రెంటిని ఒకటిగా భావింపరాదు. బడి చదువు లేని ఆయన సమ్మక్క సారలమ్మల కథతోపాటు పగిడిద్దరాజు, గాదిరాజు, ముసలమ్మ, నాగులమ్మ మొదలగు వేల్పుల కథలను తెలుగునను కోయభాషలోను పాడెడివాడు. జయధీర్ తిరుమలరావు మొదలగు పరిశోధకులు ఆయన పాడిన కథను గ్రహించి గ్రంథరూపమున వెలువరించిరి. 2022లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చి గౌరవించెను. అదే సంవత్సరము కిన్నెర వాయించు దర్శనం మొగిలయ్యకును ఆ గౌరవము దక్కినది. మొగిలయ్య కంఠము 2021లో సినిమా పాటలోనికి వచ్చుటచేత బాలురందరికి పరిచయమైనది. రామచంద్రయ్య కంఠమునకు అట్టి ప్రచారము లభింపలేదు. ఆయనను వినవలెనన్న ఆయన పాడుచోటికి పోవలసియుండెను. 2024 జూన్ మాసమున ఆయన కాలధర్మము నొందెను. ఆయన చెప్పిన కథ పుస్తకమున నిలిచినది. కాని ఎదుట కూర్చున్న ముసలివానిని చూచి తాతల పేర్లను పెంచు ఆ నేర్పు పుస్తకములో లేదు.

ఇట్టి నష్టమును ముందే గుర్తించినవారు జపానులో ఉండిరి. అచ్చట బివా అను తంత్రీవాద్యము మీటుచు అంధగాయకులు ఊరూర తిరిగి తైరా, మినమొతో వంశముల యుద్ధగాథను పాడెడివారు. ఆ యుద్ధము 1185లో సముద్రముపై ముగిసినది. కాకుఇచి అను గాయకుడు 1371లో, తన జీవితము చివరిదశలో, కథనంతయు చెప్పి వ్రాయించెను. ఆ ప్రతియే నేడు జపాను సాహిత్యమున శిరోభూషణముగా వెలుగుచున్నది. విద్యార్థులు దానిని చదువుచున్నారు. అయితే బివా పట్టి ఆ గాథను సంప్రదాయానుసారముగా పాడగలవారు మిగుల అరుదైరి. గ్రంథము నిలిచినది; గానము కృశించినది. వ్రాయుట మేలు పని. రికార్డు చేయుట మేలు పని. రెండును పాటకు నీడలే కాని పాట కావు.

మన పల్నాటి వీరులకథను తలచుకొన్నను ఇదే తెలియును. శ్రీనాథుని ద్విపద కావ్యమును మనము తరగతిలో బోధింతుము. కాని కార్తికమాసమున కారెంపూడి వీరుల తిరునాళ్ళలో ఆ కథ వినినవానికి, ద్విపదలోని ప్రతి పేరు ఒక శిలగా, ఒక కత్తిగా ఎదుట నిలుచును. పుస్తకము చదివి తిరునాళ్ళకు పోయినవాడు ధన్యుడు. తిరునాళ్ళు చూచి పుస్తకము తెరచినవాడు మరింత ధన్యుడు.

అడవి అంచున పనిచేయు ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపమిది. మీ తరగతిలోని కోయబాలునకు తన గట్టు ఏదియో తెలిసి యుండవచ్చును. ఆ గట్టు పాట విని యుండకపోవచ్చును. అతని ఫోనులో దేశదేశముల పాటలు గలవు. తన తాతల పేర్లు వినబడు పాట మాత్రము అందు లేదు. కొలుపులు జరుగు దినములలో పల్లెపెద్దల అనుమతి గైకొని పిల్లలను అచ్చటికి తీసికొనిపొండు. పాఠశాల వార్షికోత్సవమునకు డోలీని పిలిచి పది నిమిషములు వాయించి పొమ్మనుట మర్యాద కాదు. పిలిచినచో ఒక పూట పాడనిండు, తగిన సంభావన యిండు. పాట ముగిసినపిమ్మట పడిగెలోని బొమ్మలను డోలీచేతనే పిల్లలకు చెప్పింపుడు. కోయభాషలో పాడిన భాగమునకు అర్థము కోయబాలుడే తరగతికి చెప్పవలెను. ఆ పూట అతడే గురువు.

అందువలన తెలుగు పాఠమునకు కొరత కలుగదు. భాషాశాస్త్రజ్ఞులు తెలుగును, కోయను, గోండిని ఒకే దక్షిణమధ్య ద్రావిడ శాఖకు చెందినవిగా నిర్ణయించిరి. నీటిని కోయలు ఏరు అందురు; మనము పారెడు నీటిని ఏరు అందుము. ఈ ఒక్క పదమును తరగతిలో నల్లబల్లపై వ్రాసి చూపుడు. రెండు భాషల చుట్టరికము వ్యాకరణసూత్రము లేకయే పిల్లలకు తెలియును.

విద్యార్థులకును ఒక మాట. దూరదేశపు గాయనిని చూడగోరుట తప్పు కాదు. ఆ కోరికయే వినుటకు మొదటి మెట్టు. అయితే ఆమె పాడు సభలో మీరు వేలమందిలో ఒకరు. మీరు రాకున్నను పాట అదే. డోలీ ముందు కూర్చున్నపుడు మీ ఊరు, మీ వావివరుస, మీ తాతల పేరు పాటలోనికి వచ్చును. జపాను గాయని మన నగరములకు ఎన్నడు వచ్చునో చెప్పలేము. డోలీ ఉన్న పల్లె ఒక బస్సు ప్రయాణపు దూరములో నున్నది. ఆ పల్లెలో తరువాతి డోలు మ్రోగు దినమెప్పుడో ముందుగా విచారించి తెలిసికొనుడు.